రాయి పెట్టొద్దన్న చోటు

నా సర్వీసులో కట్టించినవి చాలానే ఉన్నాయి. వాటిలో సగం నాకే గుర్తులేవు. పగలగొట్టించింది మాత్రం ఒక్కటే. ఆ సంగతి రాయమని నన్నెవరూ అడగలేదు. రిటైరైనవాళ్ళ దగ్గరికి వచ్చేవాళ్ళు గెలిచిన కథలే అడుగుతారు. మొన్నామధ్య కర్నూల్లో మా ఇంటికి ఇద్దరు కుర్ర ఇంజనీర్లు వచ్చారు. "సార్, మారిపోయిన వానలను, ఎండలను తట్టుకునే పనులంటూ ఇప్పుడు మేం చేస్తున్నాం. మీరు అప్పుడే చేశారట, రెండు మాటలు చెప్పండి" అన్నారు. కాఫీ ఇచ్చి రెండు మాటలు చెప్పి పంపించాను. మంచి మాటలే చెప్పాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. వాళ్ళు గేటు దాటినప్పటి నుంచీ అది ముల్లులా గుచ్చుకుంటోంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

కడప జిల్లాలో బద్వేలు వైపు ఒక ఊరు. విదేశాల నిధులతో మా ప్రాజెక్టు నడిచేది. కాగితాల మీద దాని పేరు రెండు వరసలు ఉండేది. ఊళ్ళలో అందరూ 'కరువు ప్రాజెక్టు' అనేవాళ్ళు. నిజం చెప్పాలంటే మా బుర్రలకు ఆ చిన్న పేరే సరిపోయింది. నేను పుట్టి పెరిగింది పత్తికొండ పక్కన. బిందె పట్టుకుని బోరింగు దగ్గర వరసలో నిలబడి పెద్దవాణ్ణయ్యాను. దొరికిన నీళ్ళు పట్టి ఉంచడం తప్ప ఇంకో పుణ్యం ఉందని నాకు తెలీదు. నీళ్ళను వదిలిపెట్టాల్సిన రోజు ఒకటి వస్తుందని నేను చదివిన చదువులో ఉన్నా, నా ఆలోచనలో లేదు. మా ఆఫీసులో అందరిదీ అదే తీరు. ఎండలు ముదిరితే ఏం చేయాలో పేజీలకు పేజీలు రాసుకున్నాం. కుండపోత వాన పడితే ఏం చేయాలో ఒక్క పేజీ రాసుకోలేదు.

ఆ ఊరి చెరువు ఎన్నో ఏళ్ళుగా నిండలేదు. అక్కడ మా పని మూడు రకాలు. కట్టను గట్టి చేయడం, పూడిక మన్ను తీసి పొలాలకు తోలడం, ఊరి బంజరులో భూమి లేని ఆడవాళ్ళకు కొంత చదును చేసి ఇచ్చి పండ్ల చెట్లు పెట్టించడం. కట్ట పొడవునా లోపలివైపు రాయి పరిచి ఉంది, పాతకాలం పని. ఎడమ చివర మాత్రం ముప్పై అడుగుల మేర రాయి లేదు. వట్టి మన్నుకట్ట. తక్కిన కట్ట కన్నా జానెడు తగ్గు కూడా. దాని వెనక రాళ్ళూ కంపచెట్లూ ఉన్న బంజరు, దాని తర్వాత వంక.

దాన్ని చూసిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండింది. ఇంత కట్ట కట్టి, ఈ కాస్త చోట రాయి పరచడానికి బద్ధకించారా అనుకున్నాను. ఎస్టిమేట్లో అక్కడ రాతికట్టు రాశాను. తక్కిన కట్టతో సమానంగా ఎత్తు పెంచి, పైన బండి నడిచేటట్టు సిమెంటు పలక కూడా వేయాలని రాశాను.

ఆ ఊరికి ఒక ముసలి నీరుగంటి ఉండేవాడు. చెరువు తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీరు వదలాలో చూడడం వాళ్ళ ఇంటి పని, తాతల నాటి నుంచీ. నీళ్ళే లేకపోయేసరికి ఆయనకు పనీ లేకుండా పోయింది. అయినా రోజూ పొద్దున్నే కట్ట మీద ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఊరి మీటింగులో నేను మ్యాపు పరిచి చెబుతుంటే ఆయన లేచాడు.

"ఆ సివర రాయి పెట్టాకండి సార్."

"ఎందుకు పెద్దాయనా?"

"మా తాత పెట్టలే. మా నాయిన పెట్టలే."

"మీ తాత సెల్‌ఫోను కూడా పెట్టుకోలేదు, నువ్వు పెట్టుకున్నావు కదా" అన్నాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి, "అది మన్నుగానే ఉండాల సార్. ఆపద వచ్చినప్పుడు పనికొస్తాది" అన్నాడు.

ఆ ఊళ్ళో ఏటా ఆ చోటనే గంగమ్మకు కోడిని కోస్తారు. కొబ్బరికాయ కొట్టి, కట్ట మీద పసుపు చల్లుతారు. అది నేను చూశాను. కాబట్టి ఆపద అన్న మాట వినగానే ఇదేదో దేవర సంగతి అనుకున్నాను. "అమ్మవారికి పక్కనే చిన్న గద్దె కట్టిస్తాలే" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయి కూర్చున్నాడు. మా ప్రాజెక్టులో ఆడవాళ్ళ సంఘాలు చూసే అమ్మాయి ఒకతె ఆ ఊళ్ళోనే గది తీసుకుని ఉండేది. ఆమె మీటింగు పుస్తకంలో నీరుగంటి మాట రాస్తుంటే, "టెక్నికల్ విషయాలు ఇందులో రాయొద్దమ్మా, రేపు ఆడిట్‌లో నన్ను అడుగుతారు" అన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి కొట్టేసింది.

పునాది తవ్వుతుంటే ఆ చోట బండ తగిలింది. ఒక్క పగులు లేని నల్లటి బండ. చెరువు లోతులో సగం ఎత్తులోనే. కట్టకు ఇంత గట్టి పునాది దొరకడం అదృష్టమని ఆ రోజు కూలీలకు నా తరఫున మిక్చరు, టీ తెప్పించాను. నీరుగంటి ఆ బండను చూసి, నన్ను చూసి, టీ తాగకుండా వెళ్ళిపోయాడు. ముసలాయన అలిగాడనుకున్నాను.

పని పూర్తయింది. కట్ట వెనక ఉన్న బంజరును చదును చేశాం. ఆ ఊరి కాలనీలో ఉండే ఒక ఆమెకు ఆ రెండెకరాలు వచ్చాయి. భర్త లారీ మీద పనికి పోయేవాడు, ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు. చెరువు మన్ను తోలించి, చీనీ చెట్లు, అదే బత్తాయి, పెట్టించాం. ఎండాకాలంలో ఆమె బిందెలతో మోసి పోసింది. ఒక్క మొక్క చావనివ్వలేదు. మా జీపు ఎప్పుడు ఆ దారిన పోయినా చెయ్యి ఊపి ఆపి, "ఈ చెట్టు సూడు సార్, ఈ చెట్టు సూడు" అని తిప్పి చూపించేది. మూడో ఏడు పూత వచ్చింది, పిందె నిలిచింది. మా ప్రాజెక్టు పుస్తకం అట్ట మీద ఆమె ఫోటో వేశారు.

ఆ ఏడు కార్తీకంలో తుపాను పట్టుకుంది. వాన రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్నే నేను బద్వేల్లో గదిలో ఉండగా నీరుగంటి ఫోన్ చేశాడు.

"సార్, చెరువు నిండి మరవ పారతాండాది."

చెరువు నిండిపోతే ఎక్కువైన నీళ్ళు వాటంతటవే బయటికి పోయే రాతి గట్టును మరవ అంటారు. మరవ పారిందంటే మా సీమలో పండగ. నేను పొంగిపోయాను. "చాలా సంతోషం పెద్దాయనా" అన్నాను.

"అదిగాదు సార్. మరవ సాల్లేదు, నీళ్ళు ఇంకా ఎక్కుతానే ఉండాయి. తూము కాడ కట్ట ఎనకాల ఊట పడింది. నీళ్ళు ఎర్రగా వస్తాండాయి. మీరు రావాల."

కట్ట వెనక తేట నీళ్ళు ఊరితే భయం లేదు. ఎర్రగా వచ్చాయంటే లోపలి మన్ను కరిగి బయటికి వస్తోందని అర్థం. తూము కిందనే కాలనీ. నలభై ఇళ్ళ పైమాటే. చెప్పులు వేసుకోకుండానే జీపెక్కాను.

ఊరికి ఇవతల వంక పొంగి రోడ్డు మీద పారుతోంది. పిలిపించిన జేసీబీ అక్కడే నిలబడిపోయింది. డ్రైవరు దిగి తల అడ్డంగా ఊపాడు. అవతలి గట్టు నుంచి ఊరివాళ్ళు మోకు విసిరితే దాన్ని పట్టుకుని నడుములోతు నీళ్ళలో దాటాను. భయం వేయలేదంటే అబద్ధం. మోకు అవతల చివర పట్టుకున్నవాళ్ళలో ఆ చీనీ చెట్ల ఆమె కూడా ఉంది.

కట్ట వెనక ఊట నా మణికట్టంత లావుంది. నీరుగంటి దోసిట్లోకి పట్టి నాకు చూపించాడు. అరచేతి గీతలు కనబడనంత ఎరుపు. మా సంఘాల అమ్మాయి అప్పటికే కాలనీవాళ్ళను గుట్ట మీది బడికి పంపిస్తోంది. కదలలేని ముసలివాళ్ళు, కదలం అని మొండికేసినవాళ్ళు ఇంకా ఇళ్ళలోనే ఉన్నారు. ఊట మీద ఇసుక బస్తాలు వేయించాను. పక్క నుంచి ఇంకోటి పుట్టింది.

మా పెద్ద సారుకు ఫోన్ చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు ఆయన చేతిలో అట్లాంటి చెరువులు ఇంకా ఎన్నో ఉన్నాయి. "కొత్తగా కట్టిన కట్టను మనమే తెంచామంటే ఏమని రాస్తాం? కొన్నాళ్ళలో విదేశాలవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. వాన తగ్గుతుందేమో చూడు. పైనుంచి కాగితం లేకుండా ఏమీ ముట్టుకోకు" అన్నాడు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. పోయిందా, ఆయనే పెట్టేశాడా అన్నది నాకు ఇప్పటికీ తెలీదు.

నేను నీరుగంటివైపు తిరిగాను. "ఇప్పుడేం చేద్దాం పెద్దాయనా?"

"సెప్తే ఇంటారా సార్?" అన్నాడు. ఆ రోజు ఆయన నన్ను అన్న మాట అదొక్కటే. అదీ మెల్లగా అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది.

అప్పుడు చెప్పాడు. "ఆ సివర కింద బండ ఉండాది, మీరు చూసినారు గదా. ఆడ మనమే తెంచితే నీళ్ళు బండ దాకనే పోతాయి. బండను నీళ్ళు కొయ్యలేవు. సగం చెరువు నిలుస్తాది. ఇంతకుముందు మా నాయిన ఒగసారి తెంచినాడు, నేను సిన్నోన్ని. ఈడ తూము కాడ తెగిందంటే అడుగంటా పోతాది. కాలనీ ఉండదు సార్."

వాళ్ళ పెద్దలు ఆ చోటును కావాలనే మెత్తగా ఉంచారు. దాని వెనక భూమిని కావాలనే బంజరుగా వదిలారు. ఆ చోటు మరిచిపోకుండా ఉండడానికి ఏటా అక్కడ కోడిని కోశారు. అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. రాయి పరిచి, సిమెంటు పోసి, వెనక తోట పెట్టించి, ఫోటో దిగిన మనిషిని నేను.

ఆయకట్టు రైతుల సంఘం అధ్యక్షుడు వచ్చి అడ్డం నిలబడ్డాడు. "ఎన్నేండ్లకు నిండిన చెరువప్పా ఇది. మా పిల్లోల్లు మరవ పారేది ఇప్పుడే సూస్తాండారు. నువ్వొచ్చి తెంచుతా అంటాండావా? ఈ పొద్దు ఒగ దినం సూద్దాం." ఆయనదీ న్యాయమే. నీళ్ళ కోసం ఆయన నన్ను ఎన్నిసార్లు బతిమాలాడో నాకు తెలుసు. మా సంఘాల అమ్మాయి, నా కూతురికన్నా చిన్నది, ఆయన చెయ్యి పట్టుకుని కట్ట కిందికి తీసుకుపోయింది. ఊట ముందర నిలబెట్టింది. "పెదనాన్నా, కాలనీలో ఇంకా మంచాల మీద ఉన్నవాళ్ళున్నారు. ఒక దినం ఆగుతాదా ఇది?" అంది. ఊట అప్పటికి మోచెయ్యంత అయింది. ఆయన చాలాసేపు చూసి పైకి వచ్చాడు. "సగం నిలుస్తాదని నీరుగంటి అంటాండాడు గదా. కానీండి" అన్నాడు.

ఇక మిగిలింది ఆ తోట. మోకు చుట్టచుట్టి భుజాన వేసుకుని చీనీ చెట్ల ఆమె అక్కడే ఉంది. మేం మాట్లాడుకున్నదంతా విన్నది. ఆమెకు ఏమని చెప్పాలో తెలియక, "అమ్మా..." అని ఆగిపోయాను.

"ఇన్యా సార్" అంది. "నా ఇల్లు ఈడ, నా తోట ఆడ. రెండూ ఉండేటట్టు ల్యాదా?"

"లేదమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. వాన మొహం మీద కొడుతోంది. ఏడ్చిందో లేదో తెలీలేదు. తర్వాత ఎవరి చేతిలోనో ఉన్న గడ్డపార తీసుకుంది. "ఎవురో కొడతాంటే నేను సూడలేను. నాటింది నేనే. నేనే కొడతా" అంది.

మొదటి దెబ్బ ఆమే వేసింది. సిమెంటు పలక మీద నిప్పురవ్వలు రేగాయి కానీ పెచ్చు కూడా లేవలేదు. ఆ సిమెంటు నేను దగ్గరుండి కలిపించింది. ఇసుకలో మన్ను ఉందని ఒక ట్రాక్టరు లోడు తిప్పి పంపించినవాణ్ణి. పదిహేను రోజులు తడిపించాను. నా పని ఇంత బాగా ఎందుకు చేశానా అని జీవితంలో అప్పుడే మొదటిసారి తిట్టుకున్నాను. పదిమంది వంతులు వేసుకుని కొట్టారు. నేనూ కొట్టాను. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. మధ్యమధ్య ఒకడు తూము దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చి ఊట ఎంత లావైందో చేత్తో చూపించి పోయేవాడు. చూపించిన ప్రతిసారీ చేతుల మధ్య ఎడం పెరిగింది. అక్కడ కట్ట కుంగడం మొదలైందన్నప్పుడు ఇక ఇదే ఆఖరనుకున్నాను. ఆ కాలనీలో చనిపోయేవాళ్ళను నేను చంపినట్టే. ఆ మాట మనసులో అనుకుంటూ కొట్టాను.

మధ్యాహ్నం దాటాక పలక పగిలింది. దాని కింద మన్ను మెత్తగా వచ్చింది. కాలువలాగా తవ్వుకుంటూ పోయాం. నీళ్ళు అందులోకి నాలుక చాపాయి. "ఇగ సాలు, అందరూ ఇవతలికి రండి" అని నీరుగంటి అరిచాడు. ఆమె రాలేదు. ఇంకో రెండు పోట్లు పొడిచింది. ఆయనే పోయి రెక్క పట్టి లాక్కొచ్చాడు. వాళ్ళు ఇటు రాగానే నేను పరిపించిన రాళ్ళు ఒక్కొక్కటే జారి, ఆ ముప్పై అడుగులూ ఒక్కసారిగా పోయాయి.

చీనీ చెట్లు ఊతకర్రలతో సహా లేచిపోయాయి. పచ్చటి కాయలు ఎర్రటి నీళ్ళలో కాసేపు కనిపించాయి. బండ బయటపడ్డాక నీళ్ళు దాని మీది నుంచి పరుపులా పారాయి, ఇంక కిందికి కోయలేదు. సరిగ్గా ఆయన చెప్పినట్టే. పొద్దు వాలేసరికి తూము దగ్గర ఊట సన్నబడి తేటపడింది. నీరుగంటి మళ్ళీ దోసిట్లో పట్టి చూసి, ఈసారి నాకు చూపించకుండానే పారబోసి కట్ట మీద కూలబడ్డాడు. కాలనీలో ఒక్క గోడ పడలేదు.

ఆ సాయంత్రం బడిలో అందరికీ సంగటి వండారు. నేను పళ్ళెం పట్టుకుని ఆమె దగ్గరికి పోయి, "నీకు ఇంకోచోట భూమి ఇప్పిస్తానమ్మా, నాదీ పూచీ" అన్నాను. అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. "సరే సార్" అంది.

రెండుసార్లు రాశాను. అది పోరంబోకు భూమి, పట్టా లేదు, కాబట్టి నష్టమన్నదే లేదని మొదటిసారి జవాబు వచ్చింది. రెండోసారి జవాబే రాలేదు. ఇంకోసారి రాయొచ్చు. పై ఏడాది నా రిటైర్మెంటు, పెన్షన్ కాగితాలు కదలాలి, పెద్ద సారుకు అప్పటికే నా మీద కోపం. రాయలేదు.

కట్ట తిరిగి కట్టినప్పుడు ఆ చోట మన్నే పోశాం, జానెడు తగ్గే ఉంచాం. మా పెద్ద సారు దానికి ఇంగ్లీషులో ఒక మంచి పేరు పెట్టి నా డిజైన్ అని రాశాడు. నేను కాదనలేదు. ఆయన కోపం కూడా పోయింది.

ఎండాకాలం ముందర విదేశాలవాళ్ళు వచ్చారు. మనలాగే ఎండలకు మాడే దేశాలవాళ్ళు, సముద్రం ముంచే దీవులవాళ్ళు, వాళ్ళ వెంట డబ్బు ఇచ్చే సంస్థవాళ్ళు. కట్ట కింద షామియానా వేశాం. ఊరివాళ్ళ తెలుగును వాళ్ళకు ఇంగ్లీషులో చెప్పే పని నాది. పెద్ద సారు నా పక్కనే కూర్చున్నాడు. వచ్చినవాళ్ళలో ఒక నల్లటి పెద్దావిడ, ఏదో దీవి నుంచి వచ్చినామె, చీనీ చెట్ల ఆమెను పుస్తకం అట్ట మీది ఫోటోతో పోల్చి గుర్తుపట్టింది. ఈ ప్రాజెక్టు గురించి నువ్వు మాకేం చెబుతావమ్మా అని అడిగింది. నేను తెలుగులో అడిగాను.

ఆమె లేచి కొంగు సర్దుకుంది. "గడ్డపార మొదట నేనే పట్టుకున్యా. నా తోట పోయింది, మా వాళ్ళ ఇండ్లు ఉండాయి. దానికి నాకు బాధ ల్యా. ఊరి కోసం పోగొట్టుకున్నోల్లకు మళ్ళా ఏమిస్తారో అది మాత్రం మీ కాగితాల్లో ముందే రాసుకోండి. నాకు భూమి ఇస్తామన్న్యారు, ఇయ్యలే" అంది.

పెద్ద సారు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. ఊరికే వేశాడేమో కూడా. నేను ఇంగ్లీషులో చెప్పాను. తన చేత్తోనే కట్ట తెంచిందని, తన తోట పోయినా ఊరు బతికిందని, దానికి ఆమెకు బాధ లేదని చెప్పాను. అక్కడ ఆపాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ దీవి ఆవిడ కళ్ళు తుడుచుకుని వచ్చి ఈమెను కావలించుకుంది. మా సంఘాల అమ్మాయికి రెండు భాషలూ వచ్చు. ఆమె నావైపే చూస్తోంది. నేను వాళ్ళకు మజ్జిగ అందిందో లేదో చూసే నెపంతో లేచాను.

కార్లు వెళ్ళిపోయాక చీనీ చెట్ల ఆమె నా దగ్గరికి వచ్చింది. "సార్, నేను శానా చెప్తి. మీరు రోంతే చెప్పినారే" అంది.

"ఇంగ్లీషులో అంతే వస్తుందమ్మా. అంతా చెప్పాను" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కట్ట మీద గడ్డపార అందుకోబోయే ముందు చూసినట్టే చూసింది. "సరే సార్" అని వెళ్ళిపోయింది.

రాళ్ళ విషయంలో నేను చేసింది తెలియక చేసిన తప్పు. అది దిద్దుకున్నాను కూడా. ఇట్లాంటి పనులు చేయబోయేవాళ్ళకు దాని గురించి ఎన్ని పాఠాలైనా చెప్పగలను, అందుకే వచ్చిన పిల్లలకు అవే చెప్పి పంపించాను. షామియానా కింద చేసింది తెలిసి చేసింది. భూమి ఇవ్వగలిగినవాళ్ళు అందరూ ఆ రోజు ఒకే చోట, నాకు ఎదురుగా కూర్చుని, ఆమె ఏమంటోందో చెప్పమని నన్నే అడిగారు. ఆమె ఇప్పుడు ఇతరుల చీనీ తోటల్లో కాయలు కోసే కూలికి పోతోందని విన్నాను. చూడ్డానికి నేను వెళ్ళలేదు.